మేడారం దారిలో స్కూటర్ బ్యాటరీ

తెలంగాణలో స్కూటర్ బ్యాటరీ మొరాయించేది చలికాలంలో, చెడిపోయేది మాత్రం వేసవిలో. ఏప్రిల్, మే నెలల ఎండకు లోపల జరిగిన నష్టం అప్పటికప్పుడు బయటపడదు. పుష్యంలోనో మాఘంలోనో ఒక తెల్లవారుజామున సెల్ఫ్ బటన్ నొక్కితే ఇంజిన్ తిరగకుండా టకటకమని చప్పుడు మాత్రమే వచ్చినప్పుడు బయటపడుతుంది. నింద చలి మీదికి పోతుంది. ములుగు జిల్లా తాడ్వాయి మండలంలోని మేడారానికి ఈ సంగతి మరింతగా వర్తిస్తుంది. ఒకప్పటి వరంగల్ జిల్లాలోని ఈ కోయ పల్లెలో రెండేళ్లకోసారి మాఘ పౌర్ణమి రోజుల్లో సమ్మక్క సారలమ్మ జాతర జరుగుతుంది. బుధవారం కన్నెపల్లి నుంచి సారలమ్మ, గురువారం చిలుకలగుట్ట నుంచి సమ్మక్క గద్దెలకు చేరుకుంటారు, శనివారం దేవతల వనప్రవేశం. ఆ నాలుగు రోజులూ వేలాది స్కూటర్లు, బైకులు అడవి అంచు పొలాల్లో రాత్రిపూట మంచుకు తడుస్తూ నిలబడి ఉంటాయి.

మేడారం వెళ్లే దారి చాలాకాలం ఎడ్లబండ్లదే. వరంగల్, కరీంనగర్, ఖమ్మం ప్రాంతాల నుంచే కాక గోదావరి అవతలి నుంచి, నేటి ఛత్తీస్‌గఢ్, మహారాష్ట్రల నుంచి కూడా జనం సామాను సర్దుకొని, బండ్లు కట్టుకొని రోజుల ముందే బయలుదేరేవారు. వెలుతురుకు కందిళ్లు, తర్వాత పెట్రోమాక్స్ లైట్లు. సీసపు బ్యాటరీ పల్లె జాతరల్లోకి మొదట అడుగుపెట్టింది స్కూటరుతో కాదు, మైకుసెట్టుతో. కరెంటు లేని చోట ఆంప్లిఫయర్‌ను 12 వోల్టుల బ్యాటరీతో నడిపేవారు. మైకుసెట్టు అద్దెకిచ్చేవాళ్లకు ఆ బ్యాటరీ పాట్లన్నీ తెలుసు. మోసుకుపోతే ఆసిడ్ ఒలికి బట్ట చిల్లులు పడుతుందనీ, పూర్తిగా దిగిపోయేదాకా వాడితే మళ్లీ సరిగ్గా ఎక్కదనీ స్కూటర్లవాళ్లకంటే ముందు నేర్చుకున్నది వాళ్లే.

నిజాం రాష్ట్రంలో 1932లోనే 27 బస్సులతో ప్రభుత్వ రవాణా మొదలైంది. 1958లో ఆంధ్రప్రదేశ్ రోడ్డు రవాణా సంస్థ ఏర్పడింది. 1996లో ప్రభుత్వం మేడారం జాతరను రాష్ట్ర పండుగగా ప్రకటించింది. ఆ తర్వాత జాతర జాతరకూ రోడ్లు, వంతెనలు మెరుగుపడుతూ వచ్చాయి. ద్విచక్ర వాహనం ఈ దారిలో సాధారణమైంది ఆ కాలంలోనే. అంతకుముందు సొంత స్కూటరు టీచర్లు, గుమాస్తాలు, సింగరేణి ఉద్యోగుల వంటి నెల జీతగాళ్ల ఇళ్లలోనే కనిపించేది.

ఆ తొలితరం స్కూటర్లలో చాలావాటికి బ్యాటరీయే లేదు. నేటి వాహనదారుకు ఇది వింతగా తోచవచ్చు. లాంబ్రెటా, వెస్పాలు 1940ల రెండో సగంలో ఇటలీలో పుట్టి, స్వాతంత్ర్యం వచ్చిన తొలి దశాబ్దాల్లో భారతదేశానికి చేరాయి. 1960ల నుంచి బజాజ్ ఆటో వెస్పాలను తయారుచేసింది. పియాజియోతో ఒప్పందం ముగిశాక 1972లో చేతక్ పేరుతో సొంత స్కూటరు తెచ్చింది. దాని కోసం బుక్ చేసుకొని ఏళ్ల తరబడి ఎదురుచూసిన కుటుంబాలు తెలుగునాట కోకొల్లలు. హైదరాబాద్ ఆల్విన్ కర్మాగారం కూడా పుష్పక్ పేరుతో స్కూటర్లు చేసింది. 1980లలో ఆంధ్రప్రదేశ్ స్కూటర్స్ సంస్థ పియాజియో సాంకేతికతతో వెస్పాలు తెచ్చింది. పాతతరం బజాజ్ బండిలో ఇంజిన్ పక్కన తిరిగే ఫ్లైవీల్ మాగ్నెటోయే ప్లగ్గుకు నిప్పురవ్వను, దీపానికి కరెంటును పుట్టించేది. ఇంజిన్ తిరిగితే దీపం, ఆగితే చీకటి.

అందువల్ల ఆ కాలంలో చలిపొద్దు తిప్పలన్నీ పెట్రోలుతో, ప్లగ్గుతో, పాయింట్లతో. చల్లబడిన ఇంజిన్‌లో పెట్రోలు సరిగ్గా ఆవిరి కాదు. చోక్ లాగి, పెట్రోలు ట్యాప్ తిప్పి, బండిని ఒక పక్కకు బాగా వంచి కాసేపు ఆపి, మళ్లీ నిలబెట్టి కిక్కు కొట్టేవారు. వంచినప్పుడు కార్బురేటర్‌లోని పెట్రోలు కాస్త పొంగి లోపలికి చేరుతుంది. బజాజ్ స్కూటరును వంచి లేపడం ఒక తరం మొత్తానికి అలవాటైన పని. ఇంటి ముందు అది జరగని ఉదయం అరుదు. పెట్రోలు ఎక్కువై ప్లగ్గు తడిస్తే మరో తంతు. ట్యాప్ కట్టేసి, ప్లగ్గు విప్పి, గుడ్డతో తుడిచి, మొనను ఎమెరీ కాగితంతో గీకి మళ్లీ బిగించాలి. అప్పటికీ కాకపోతే రెండో గేరు వేసి, క్లచ్ పట్టుకొని, వెనకనుంచి ఎవరైనా తోస్తుంటే క్లచ్ వదలడం. ఇవన్నీ చేయగలిగినవాడికి చలి భయం లేదు. పోయేందుకు బ్యాటరీ అంటూ ఒకటి ఉంటే కదా!

బ్యాటరీ లేకపోవడానికి మరోచోట మూల్యం చెల్లించాల్సి వచ్చేది. మాగ్నెటో కరెంటు ఇంజిన్ వేగాన్ని బట్టి పెరిగి తగ్గుతుంది. రాత్రివేళ ములుగు తర్వాత వచ్చే పస్రా దాటి అడవిలోకి వచ్చాక గుంత కనిపించి వేగం తగ్గిస్తే హెడ్‌లైట్ ఎర్రబారి మసకయ్యేది. వెలుతురు ఎక్కువ కావలసిన చోటనే తక్కువయ్యేదన్నమాట. గుంత చూడాలంటే యాక్సిలరేటర్ తిప్పాలి, తిప్పితే బండి గుంతలో పడుతుంది. బండి ఆపి ఆ దీపంతో విడిది వెతుక్కోవడం కుదరదు. 6 వోల్టుల ఆ లైటు ఎంత నాసిరకమో చేతక్ మీద రాత్రి ప్రయాణం చేసినవాళ్లందరూ ఒకే మాటగా చెబుతారు. అందుకే చీకటి పడకముందే ములుగు దాటాలని తొందరపడేవారు. ములుగు శివారులో గట్టమ్మ తల్లి గుడి దగ్గర వాహనం ఆపి కొబ్బరికాయ కొట్టి, ఆ తర్వాతే మేడారం దారి పట్టడం నేటికీ ఆనవాయితీ.

1984లో వచ్చిన కైనెటిక్ హోండాతో లెక్క మారింది. గేర్లు లేవు, బటన్ నొక్కితే స్టార్టవుతుంది. చీర కట్టుకున్నవాళ్లకు, కిక్కు కొట్టే ఓపిక లేని పెద్దవాళ్లకు స్కూటరును చేరువ చేసింది ఆ బటనే. బటన్ వెనక 12 వోల్టుల బ్యాటరీ ఉంది. దానితోపాటు ఎవరూ పెద్దగా పట్టించుకోని నష్టం ఒకటి వచ్చింది. గేర్ల బండిని తోసి లేపవచ్చు. బెల్టుతో నడిచే గేర్లెస్ స్కూటరును ఎంతదూరం తోసినా స్టార్ట్ కాదు. దానిలోని క్లచ్ ఇంజిన్ తిరిగితేనే అంటుకుంటుంది, చక్రం తిరిగితే కాదు. బ్యాటరీ దిగిపోయి, కిక్కు కూడా పనిచేయకపోతే ఆ బండి ట్రాలీ ఎక్కవలసిందే. స్కూటర్ బ్యాటరీ చరిత్రలో అసలు మలుపు ఇదే. చలిపొద్దు తంటా ప్లగ్గు నుంచి బ్యాటరీకి మారింది.

ఆ బ్యాటరీ నిజానికి పాత వస్తువు. ఫ్రాన్సులో గాస్టన్ ప్లాంటె 1859లో సీసం పలకలను గంధకామ్లంలో ముంచి తయారుచేశాడు. 1881లో కమీల్ ఫోర్ పలకలకు సీసపు ముద్ద పూసే పద్ధతి కనిపెట్టడంతో అది కర్మాగారాల్లో తయారయ్యే సరుకైంది. స్కూటర్లకు వచ్చినది దాని చిన్నపిల్ల: అరచేతిలో ఇమిడే తెల్లటి ప్లాస్టిక్ డబ్బా, లోపల ఆరు గదులు, ఒక్కోదానికి ఒక మూత, పక్కన ఆసిడ్ మట్టం తెలిపే రెండు గీతలు. ఆవిరి, చిమ్మిన ఆసిడ్ బయటికి పోవడానికి సన్నటి రబ్బరు పైపు. ఆ పైపు నలిగినా, ఊడినా ఆసిడ్ ఫ్రేము మీద కారి పెయింటును, కిందున్న రేకును తినేసేది. పాత బండిలో బ్యాటరీ పెట్టె దగ్గర తుప్పు ఉందంటే నూటికి తొంభైపాళ్లు కారణం అదే.

కొత్త బ్యాటరీ పొడిగానే అంగడికి వచ్చేది. ఆసిడ్ పోసి, కొంతసేపు నాననిచ్చి, తక్కువ కరెంటుతో గంటల తరబడి చార్జింగ్ పెట్టి ఇవ్వాలి. తొందరలో ఆసిడ్ పోయగానే బండికి బిగించి పంపితే ఆ బ్యాటరీ జన్మలో పూర్తి బలానికి రాదు. ఆసిడ్ చిక్కదనంలో కూడా మన వాతావరణానికి తగిన మార్పు ఉంది. చలిదేశాల్లో పూర్తి చార్జిలో దాని గ్రావిటీ 1.280 దాకా ఉంచుతారు. ఉష్ణదేశాల్లో 1.240 దరిదాపుల్లో ఆపుతారు. చిక్కటి ఆసిడ్ చలిలో ఎక్కువ బలమిస్తుంది, వేడిలో పలకలను త్వరగా తినేస్తుంది. బ్యాటరీ షాపులో రబ్బరు బుడ్డి ఉన్న గాజుగొట్టంతో ఒక్కో గదిలో ఆసిడ్ పీల్చి, లోపల తేలే పుల్ల మీది అంకె చదివి, ఏ గది చచ్చిపోయిందో చెప్పేవారు. ఐదు గదులు 1.240 చూపించి ఒకటి 1.120 దగ్గర ఆగితే ఆ బ్యాటరీ పని అయిపోయినట్టే. ఎండాకాలంలో నెలకోసారి డిస్టిల్డ్ వాటర్ పోయడం యజమాని బాధ్యత. చాలామంది మరచిపోయేవారు, మరికొందరు బోరు నీళ్లు పోసి బ్యాటరీకి సమాధి కట్టేవారు.

ఈ నీళ్లు పోసే పని పోవడానికి కారణమైన సంస్థల్లో ఒకటి తెలుగు నేలదే. అమెరికాలో ఇంజినీరుగా పనిచేసి తిరిగొచ్చిన గల్లా రామచంద్రనాయుడు 1985లో అమరరాజా బ్యాటరీస్‌ను స్థాపించారు. తిరుపతి దగ్గర కరకంబాడిలో కర్మాగారం పెట్టి, ఆసిడ్ ఒలకని, నీళ్లు అడగని సీల్డ్ బ్యాటరీలను మొదట టెలిఫోను, రైల్వే వంటి సంస్థలకు అందించారు. 2000లో అమరాన్ పేరుతో వాహనాల బ్యాటరీలు వచ్చాయి. తర్వాత ద్విచక్ర వాహనాలకూ సీల్డ్ బ్యాటరీలే మామూలయ్యాయి. వీటిలో ఆసిడ్ ద్రవంగా ఊగిసలాడదు, గాజుపీచు పొరల్లో ఇంకి ఉంటుంది. పుట్టే వాయువు లోపలే తిరిగి నీరవుతుంది. 2001లో వచ్చిన హోండా యాక్టివా తర్వాత పల్లెల్లో కూడా స్కూటరంటే సెల్ఫ్ బండే. ఆ సౌకర్యంతోపాటు ఒక తెలివిడి మాయమైంది. గ్రావిటీ చూసేవాడు లేడు, గీత చూసేవాడు లేడు. బ్యాటరీ బలహీనపడుతున్న సంగతి యజమానికి తెలిసేది అది పూర్తిగా చతికిలబడిన రోజునే.

2017 ఏప్రిల్ నుంచి కొత్త ద్విచక్ర వాహనాల హెడ్‌లైట్ ఇంజిన్ నడుస్తున్నంతసేపూ వెలుగుతూనే ఉండాలన్న నిబంధన వచ్చింది. 2020 ఏప్రిల్ నుంచి బీఎస్-6 ప్రమాణాలతో కార్బురేటర్ పోయి ఫ్యూయల్ ఇంజెక్షన్ వచ్చింది. పెట్రోలు పంపుకు, సెన్సర్లకు, లోపలి కంప్యూటరుకు అన్నిటికీ కరెంటు కావాలి. చాలా బైకులకు కిక్కే తీసేశారు. బండిని వంచినా ప్రయోజనం లేదు, ప్లగ్గు గీకినా లేదు. అంత పని నెత్తిన వేసుకున్న స్కూటర్ బ్యాటరీ కెపాసిటీ ఎంత? చాలా మోడళ్లలో 3 నుంచి 5 ఆంపియర్ అవర్లు మాత్రమే.

ఇక చలి సంగతి. సీసపు బ్యాటరీలో కరెంటు పుట్టేది రసాయన చర్య వల్ల. చలికి ఆ చర్య మందగిస్తుంది, ఆసిడ్ పలకల రంధ్రాల్లోకి నెమ్మదిగా పాకుతుంది. అదే సమయంలో ఇంజిన్ ఆయిల్ చిక్కబడి, స్టార్టర్ మోటారు మామూలుకంటే ఎక్కువ కరెంటు అడుగుతుంది. మన ప్రమాణాల్లో బ్యాటరీ బలాన్ని 27 డిగ్రీల సెల్సియస్ దగ్గర కొలుస్తారు. సున్నా డిగ్రీల దగ్గర అందులో మూడో వంతు దాకా తగ్గిపోవచ్చు. హిమాచల్‌లోనో లదాఖ్‌లోనో అది పెద్ద సమస్య. దిగిపోయిన బ్యాటరీలో ఆసిడ్ నీళ్లలా పలచబడి మైనస్ 7, 8 డిగ్రీలకే గడ్డకట్టి డబ్బాను పగలగొడుతుంది. నిండుగా చార్జి ఉన్నదైతే మైనస్ 40 దాటినా గడ్డకట్టదు. తెలుగునాట ఎక్కువ చలి ఉండే లంబసింగి, అరకు, ఆసిఫాబాద్ ప్రాంతాల్లో కూడా ఆ భయం లేదు. మేడారం చుట్టుపక్కల చలి బాగా ముదిరిన రాత్రి 10 డిగ్రీల దరిదాపులకు వస్తుంది. ఆ చలికి బ్యాటరీ కోల్పోయే బలం నూటికి పది, పదిహేను పాళ్లు. ఆరోగ్యంగా ఉన్న బ్యాటరీకి అది లెక్కే కాదు.

మరి తెల్లవారుజామున అన్ని బండ్లు ఎందుకు మొరాయిస్తాయి? జవాబు వేసవిలో ఉంది. ములుగు, ఏటూరునాగారం, భద్రాచలం ప్రాంతాల్లో ఎండాకాలం 45 డిగ్రీలు దాటడం కొత్త కాదు. ఎండలో నిలిపిన బండి లోపల వేడి ఇంకా ఎక్కువ. ఉష్ణోగ్రత 10 డిగ్రీలు పెరిగితే సీసపు బ్యాటరీ ఆయుష్షు దాదాపు సగమవుతుందని ఆ రంగంలో ఒక మోటు లెక్క ఉంది. వేడికి పాజిటివ్ పలకల చట్రం తుప్పు పడుతుంది, సీల్డ్ బ్యాటరీలో తేమ ఆరిపోతుంది. తిరిగి పోయడానికి మూత కూడా లేదు. అలా సగం బలం పోయిన బ్యాటరీ అక్టోబరులో, నవంబరులో ఎలాగో నెట్టుకొస్తుంది. చలి తీసుకునే చివరి పదిపాళ్లు దానికి మిగలవు. జాతర రెండేళ్లకోసారి కావడం ఇక్కడ మరో చిక్కు. ఒక జాతరకు ముందు కొన్న బ్యాటరీ తర్వాతి జాతరకు వచ్చేసరికి సరిగ్గా రెండు వేసవులు తిని ఉంటుంది. ద్విచక్ర వాహన బ్యాటరీ అలసిపోవడం మొదలయ్యే వయసు అదే.

విడిదిలో వాడుక తీరు దీనికి తోడవుతుంది. ఇంజిన్ ఆపి స్కూటరు యూఎస్‌బీ పాయింటుతో ఫోన్ చార్జింగ్ పెట్టడం ఇప్పుడు మామూలైంది. లెక్క వేస్తే సంగతి తెలుస్తుంది. 12 వోల్టులు, 3 ఆంపియర్ అవర్ల బ్యాటరీలో కొత్తదైనా ఉండే శక్తి 36 వాట్ అవర్లు. 5,000 మిల్లీఆంపియర్ అవర్ల ఫోన్ నిండడానికి సుమారు 19 కావాలి, దారిలో వృథా అయ్యేది అదనం. అంటే ఒక్క ఫోన్ నిండేసరికి బ్యాటరీలో సగానికి పైగా ఖాళీ. ఇద్దరు అన్నదమ్ములు చెరో ఫోన్ పెడితే తెల్లారి సెల్ఫ్ తిరగదు. ఆ తప్పు చలిది కాదు.

చలిపొద్దు జాగ్రత్తలు మాగ్నెటో కాలం కంటే చాలా సులువు. కిక్కు ఉన్న బండికి పొద్దున మొదటిసారి కిక్కే కొట్టాలి. సెల్ఫ్ నొక్కితే ఐదు సెకన్లకు మించి పట్టుకోకూడదు. కాకపోతే పది, పదిహేను సెకన్లు ఆగి మళ్లీ నొక్కాలి. ఆ విరామంలో ఆసిడ్ మళ్లీ పలకల్లోకి చేరుతుంది. రాత్రంతా ఆపి ఉంచిన బండి బ్యాటరీని మల్టీమీటరుతో చూస్తే 12.6 వోల్టులు, ఆ పైన ఉండాలి. 12.4కు దిగితే చార్జింగ్ పెట్టాలి. 12 కన్నా తక్కువ చూపిస్తూ వారాలు గడిస్తే పలకల మీద సల్ఫేట్ గట్టిపడి ఇక వదలదు. ఇంజిన్ నడుస్తుండగా 14 వోల్టుల చుట్టుపక్కల రాకపోతే తప్పు బ్యాటరీది కాదు, రెక్టిఫయర్‌దో వైరింగ్‌దో. అది చూడకుండా కొత్త బ్యాటరీ అమ్మే షాపులు లేకపోలేదు. బయట చార్జింగ్ పెడితే కెపాసిటీలో పదో వంతు కరెంటు చాలు, 4 ఆంపియర్ అవర్లదానికి 0.4 ఆంపియర్. కారు చార్జరుకు తగిలించి గంటలో నింపాలనుకుంటే సీల్డ్ బ్యాటరీ ఉబ్బిపోతుంది. మేడారం దారి దుమ్ము కొన్ని స్కూటర్లలో కాళ్లు పెట్టే పలక కిందున్న బ్యాటరీ దాకా చేరుతుంది. రాత్రి మంచుకు తడిసిన ఆ దుమ్ము టెర్మినళ్ల మీద పేరుకుంటుంది. వాటిని విప్పేటప్పుడు నెగెటివ్ ముందు, బిగించేటప్పుడు పాజిటివ్ ముందు. తుడిచి బిగించాక కాస్త వాజలైన్ రాస్తే తెల్లపొడి పట్టదు. కవరు కప్పడం బండికి మంచిదే గానీ, దానితో బ్యాటరీ వెచ్చబడదు. కవరు వేడి పుట్టించదు కదా.

ఎలక్ట్రిక్ స్కూటర్లతో ఈ కథ మరో దారి పట్టింది. 2020లో చేతక్ పేరే కరెంటు బండిగా తిరిగొచ్చింది. వీటి లిథియం బ్యాటరీకి సున్నా కన్నా దిగువ చలిలో చార్జింగ్ పెట్టడం హానికరం. తెలుగునాట ఆ పరిస్థితి దాదాపు రాదు. చలిరాత్రి తర్వాత పొద్దున్నే మైలేజీ కొంచెం తగ్గడం మాత్రం కనిపిస్తుంది. వీటికీ ఎండే పెద్ద శత్రువు. వరంగల్ నుంచి మేడారం సుమారు 100 కిలోమీటర్లు. ఒక చార్జింగ్‌తో బొటాబొటిగా చేరే బండి మీద జాతరకు బయలుదేరేవారు అడవిలోకి రాకముందే, ములుగులోనో పస్రాలోనో చార్జింగ్ సంగతి చూసుకోవాలి.

చచ్చిన బ్యాటరీని ఏం చేయాలన్నది చివరి ప్రశ్న. ఏటూరునాగారం అభయారణ్యం మేడారానికి ఆనుకొనే ఉంది. మేడారం దగ్గర పారే జంపన్నవాగు నీళ్లు గోదావరిలో కలుస్తాయి. సీసం విషం, ఆసిడ్ మట్టిని కాలుస్తుంది. ప్రభుత్వం 2001లో పాత బ్యాటరీల నిర్వహణ నిబంధనలు తెచ్చింది. 2022లో వాటి స్థానంలో వచ్చిన కొత్త నిబంధనలు వాడేసిన బ్యాటరీలను వెనక్కి తీసుకొని రీసైక్లింగ్ చేయించే బాధ్యతను తయారీదారుల మీదే పెట్టాయి. పాతది తెచ్చిస్తే కొత్తదాని ధరలో కొంత తగ్గించడం బ్యాటరీ షాపుల్లో ఎప్పటినుంచో ఉన్న పద్ధతి. కాబట్టి మొరాయించిన బ్యాటరీని విడిది దగ్గర పారేయకుండా డిక్కీలో పెట్టుకొని, తిరిగి వెళ్లేటప్పుడు షాపులో ఇచ్చేయాలి.